ఒకే మాట, అడ్డాకో అర్థం: హైదరాబాద్‌లో మీ చెవిన పడ్డవి రాయండి

మైత్రివనం_జిరాక్స్

అన్నలకి అక్కలకి నమస్తే. నాది అమీర్‌పేట్‌లో జిరాక్స్ షాపు. మెషిన్ తిరుగుతున్నంత సేపు కౌంటర్ ముందు నిలబడ్డ జనం ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటారు, వద్దన్నా చెవుల పడతది. మొన్న ఒక్క పూటలో "ప్రాక్సీ" అనే మాట మూడు తీర్ల విన్నా. ఇంజనీరింగ్ పిల్లలిద్దరు, "రేపు ఫస్ట్ అవర్ నాకు ప్రాక్సీ కొట్టరా" అనుకుంటున్నారు, అంటే వాడు రాకపోయినా వీడు వాడి హాజరు పలకాలన్నమాట. వాళ్ళ వెనకాల కోర్సు నోట్స్ స్పైరల్ చేయించుకుంటున్న ఇంకొకాయన ఫోన్లో మెల్లగా "ప్రాక్సీ వద్దన్నా, ఇప్పుడు కెమెరా ఆన్ పెట్టమంటున్నారు" అంటున్నాడు, ఈయనది ఉద్యోగం ఇంటర్వ్యూలో తన బదులు ఇంకొకడు జవాబులు చెప్పే కథ. సాయంత్రం నెట్ రావట్లేదని పిలిస్తే వచ్చిన పిల్లగాడు సిస్టం ముందు కూర్చుని "ప్రాక్సీ తీసేయాలి అంకుల్" అన్నాడు, ముందు రెండు విన్న బుర్రతో నాకు వీడేం తీసేస్తాడో అర్థం కాలే, అది సిస్టంలో నెట్‌కి సంబంధించిన సెట్టింగ్ అంట.

అందుకే ఈ థ్రెడ్. మీ కాలేజీలో, ఆఫీసులో, బస్సులో, షూటింగ్‌లో, బస్తీలో వాడే మాటలు రాయండి, ఎవరు అంటారో ఏ అర్థంలో అంటారో కూడా రాయండి. బూతులు వద్దు ప్లీజ్, మా ఇంట్లో వాళ్ళు కూడా చదువుతారు.

బ్యాక్‌లాగ్_బాబు

బూతులు వద్దంటే హైదరాబాద్ భాషలో ఇంకేం మిగుల్తది అన్నా 😂

సరే కాలేజీవి నావి. బంక్ అందరికీ తెలుసు, మొత్తం క్లాస్ కలిసి కొడితే మాస్ బంక్. సబ్జెక్ట్ పోతే "తన్నేసింది" అంటాం, మనం తన్నలేదు అదే మనల్ని తన్నింది. ఎగ్జామ్ ముందు రాత్రి అర్థం కాకుండా చదివేది "రుబ్బుడు". అమ్మాయితో తీపి తీపిగా మాట్లాడి పడేయాలని చూసేవాడు "పులిహోర కలుపుతున్నాడు". లేనిది ఉన్నట్టు పొగిడితే "బిస్కెట్ వేస్తున్నాడు". గొప్పలు పోతే "కటింగ్ ఇస్తున్నాడు", మరీ ఎక్కువైతే "నీకంత సీన్ లేదు". మాట ఇచ్చి రానోడు "హ్యాండిచ్చిండు". మా సీనియర్ ఒకడు సెమినార్లో లెక్చరర్ ముందరనే "సార్ గెస్ట్ మనకి హ్యాండిచ్చిండు" అన్నడు, ఆ సార్ కొత్త, "షేక్‌హ్యాండ్ ఇచ్చాడా, ఎక్కడ ఉన్నాడు ఆయన" అని గేటు దాకా పోయిండు.

సిరిసిల్ల_పోరి

తిండి పేర్లన్నీ మోసానికే వాడుతున్రు గదా, పులిహోర, బిస్కెట్. బకరా అయ్యేది మాత్రం ఎప్పుడూ మనమే.

గచ్చిబౌలి_బెంచ్

ఐటీ వాళ్ళ కష్టాలు కూడా రాసుకోండి. ప్రాజెక్ట్ అయిపోయి ఇంకొకటి దొరికేదాకా జీతం తీసుకుంటూ ఖాళీగా ఉండటాన్ని "బెంచ్ మీద ఉన్నా" అంటాం. నేను ఇంటికి ఫోన్ చేసి నాయనమ్మతో అదే మాట అంటే ఆమె ఒక్క క్షణం ఆగి "ఇంత పెద్దయినాక బెంచీ ఎక్కించారా, ఏం తప్పు చేసినవు బిడ్డా" అంది. ఆమెకి తెలిసిన బెంచీ బడిలో లెక్కలు రానోళ్ళని నిలబెట్టేది. నిజం చెప్పాలంటే ఫీలింగ్ కూడా సేమే, మేనేజర్ ఎదురొస్తే తల దించుకోవాలి.

ఇంకోటి. రాజీనామా చేయడాన్ని మేము "పేపర్లు వేశా" అంటాం. ఆరోజు మా అమ్మ పక్కింటావిడకి "మావోడు పొద్దున్నే పేపర్లు వేశాడంట" అని చెప్పింది. ఆవిడ "ఐటీలో అంత దిగజారిందా పరిస్థితి, ఇంటింటికీ పేపర్ కూడా వేస్తున్నారా" అని తెగ జాలి పడింది.

కోనసీమ_కుర్రోడు

ఆయ్, నా బాధ వినండి. నేను అమలాపురం దగ్గర నుంచి వచ్చి ఎస్సార్ నగర్ హాస్టల్లో దిగానండి. మా రూమ్‌మేట్‌ది కరీంనగర్. మొదటి రోజే మెట్ల మీద జారి పడి "బొక్క ఇరిగినట్టుంది" అని అరిచాడు. మాకు బొక్క అంటే చిల్లి, నష్టం వస్తే "బొక్క పడింది" అంటాం. చిల్లి విరగడం ఏంటని నేను తాపీగా చూస్తూ నిలబడ్డా. వాడు "దవఖానకి తీస్కపో" అన్నాక గానీ ఎముక అని అర్థం కాలేదు. అలాగే వాళ్ళ అమ్మగారు పంపిన సీసా చూపించి "తొక్కు తింటవా" అన్నాడు, నేను తొక్క తినమంటున్నాడనుకుని మొహం మాడ్చుకున్నా. మామిడికాయ తొక్కండి, పచ్చడి! తర్వాత ఆ సీసా సగం నేనే ఖాళీ చేశా, అది వేరే సంగతి.

డ్యూటీ_డాక్టర్

బొక్క దగ్గరే ఆగిపోతే ఎలా కోనసీమ గారూ. మేము పెద్దాసుపత్రిలో రోజూ ఇదే. బయటి జిల్లాల నుంచి వచ్చిన హౌస్ సర్జన్లకి మెడిసిన్ కన్నా ముందు భాష నేర్పించాలి.

"పెయ్యంతా నొప్పులు సారూ" అంటారు. తెలంగాణలో పెయ్యి అంటే ఒళ్ళు. కోస్తా పిల్లలకి పెయ్య అంటే ఆవుదూడ. "సర్ది అయ్యింది" అంటే జలుబు. "గాబరా గాబరా అయితుంది" అన్నదొకటి ఉంది, ఇది మాత్రం నిజంగా కష్టం, గుండె దడ కావచ్చు, షుగర్ పడిపోయి ఉండొచ్చు, ఉత్త భయం కావచ్చు, ఆ ఒక్క మాట పట్టుకుని అన్నీ చూడాల్సిందే.

వీటన్నిటికీ పెద్దన్న "దమ్ము". ఒక నైట్ డ్యూటీలో పెద్దాయన్ని పట్టుకొచ్చారు, ఆయాసంతో కూర్చోలేక ముందుకి వంగి రెండు చేతులూ మంచం పట్టెకి ఆనించుకుని ఉన్నాడు. ఆయన భార్య "పొద్దుగాల నుంచి దమ్ము వస్తుంది" అంది. మా గుంటూరు పిల్ల స్టెతస్కోప్ తీస్తూనే "దమ్ము కొడతారా పెద్దాయనా" అని అడిగింది, బీడీ సిగరెట్ ఏమన్నా ఉన్నాయా అని. ఆయన ఆ ఆయాసంలో కూడా "అది బందువెట్టి చానా దినాలైంది బిడ్డా, ఇప్పుడు దమ్మే నన్ను కొడుతుంది" అన్నాడు. నెబ్యులైజర్ పెట్టాక తేలికయ్యి, మళ్ళీ అదే జోక్ పక్క మంచం ఆయనకి చెప్పుకున్నాడు.

కృష్ణానగర్_క్లాప్

మా దగ్గర దమ్ము ఉంటేనే డైలాగ్ సార్. "దమ్ముంటే రారా" అనకుండా ఇంటర్వెల్ పడదు 😄

పెన్షన్_మాస్టారు

డాక్టర్ గారు మంచి మాట ఎత్తారు. దమ్ అనేది పారసీ మాట, ఊపిరి అని అర్థం. ఆయాసం వస్తే దమ్ము, పొగ లోపలికి పీలిస్తే దమ్ము, ఊపిరి బిగపట్టి నిలబడే ధైర్యం దమ్ము. మీరంతా లొట్టలేసుకుని తినే దమ్ బిర్యానీలో కూడా అదే. హండీ మూత చుట్టూ గోధుమపిండి ముద్ద పెట్టి మూసేసి ఆవిరి బయటికి పోకుండా లోపలే ఉడికిస్తారు, ఊపిరి బిగబట్టడమే కదా అది కూడా. మన ఊళ్ళో ఆసుపత్రి, పాన్‌డబ్బా, సినిమా హాలు, హోటల్ నాలుగూ ఒకే మాట మీద నడుస్తున్నాయి.

ఇలాంటివే సోపతి, అరబ్బీలో సొహబత్, తోడు ఉండటం. అది ఉర్దూ మీదుగా పల్లెల్లోకి పోయి ఎంత మెత్తబడిందంటే ఇప్పుడు అచ్చ తెలుగు మాట అనే అనుకుంటారు.

పతంగ్_పాషా

హౌ మాస్టర్ సాబ్, సహీ బోలే. మాది ధూల్‌పేట్ పక్కన. అందరూ హైదరాబాదీ అంటే "నక్కో, హౌ (అవును), కైకు (ఎందుకు)" ఈ మూడు చెప్పి అయిపోయిందంటరు. నక్కో మరాఠీ వాళ్ళ నకో నుంచి వచ్చింది, అక్కడ కూడా వద్దు అనే. మా దక్కనీ అసలు తెలుగుకు తమ్ముడి లెక్క ఉంటది భాయ్. మీరు "వస్తున్నడంట" అంటరు కదా, ఎవరో చెప్పిన్రు నేను చూడలే అని చెప్పే ఆ "అంట", అది మా దగ్గర "కత్తే". "ఆరా కత్తే". ఢిల్లీ నుంచి వచ్చినోడికి ఇది అర్థం కాదు, కత్తి అనుకుని భయపడతడు. మీరు "వస్త అని చెప్పిండు" అంటే మేము "ఆతుం బోల్‌కే బోలా" అంటం, ఆ "అని" మీది, మేము తీసుకున్నం. ఇగ పర్సోం అంటే డిక్షనరీల మొన్న, మా తాన మొన్న కూడా అదే, పోయిన సంవత్సరం కూడా అదే, మా అబ్బా షాదీ కూడా పర్సోంనే అయ్యింది.

బ్యాక్‌లాగ్_బాబు

పాషా భాయ్ పతంగుల మాటలు చెప్పు, పేరు పెట్టుకున్నవ్ గా

పతంగ్_పాషా

సంక్రాంతికి వచ్చి మిద్దె ఎక్కితే అన్నీ వినబడతయ్. దారం చుట్టేది చరక్, దాన్ని పట్టుకుని వెనక నిలబడేటోడికి ఆట రాదు కానీ తిట్లన్నీ ఆనికే. గాజు పూసిన దారం మాంజా, ఏమీ పూయనిది సద్ది. పతంగికి మధ్యలో కట్టే దారం ముడి కన్నె, అది వంకరైతే పతంగి తలకాయ తిప్పుతనే ఉంటది. పేంచ్ పడ్డాక, అంటే రెండు పతంగుల దారాలు మెలేసుకున్నాక, రెండే దారులు, దారం వదిలితే ఢీల్, గుంజితే ఖీంచ్. మా కాక ఢీల్ మాస్టర్, సప్పుడు చేయకుండ వదులుతనే ఉంటడు, అవతలోడు గెలిచిన అనుకునే టైంకి ఆని పతంగి గాలిల తేలుతా పోతది. అప్పుడు గల్లీ మొత్తం ఒకటే అరుపు, "అఫా!!" ఈ అఫా అంటే ఏందని అడగొద్దు, అర్థం లేదు, పక్కోని పతంగి తెగితే నోట్ల నుంచి దానంతట అదే వస్తది.

దారానికి రాయి కట్టి వేరేటోళ్ళ పతంగిని గుంజుకునేది లంగర్. దాన్ని ఇజ్జతున్నోడు ఆడడు. చైనా మాంజా కూడా అంతే, 2017లనే గ్రీన్ ట్రిబ్యునల్ దేశమంతా బంద్ పెట్టింది, అయినా దొంగచాటుగ అమ్ముతున్రు. బండి మీద పోయేటోళ్ళ గొంతులు కోస్తుంది, పక్షులు ఇరుక్కుంటున్నయ్. దయచేసి కొనకున్రి.

121_గజాలు

ఢీల్ అంటే మాకు వేరే 🙂 రియల్ ఎస్టేట్‌లో డీల్ ఖీంచ్ చేస్తే తెగిపోద్ది, అందుకే ఢీలే ఇవ్వాలి, ఒకరకంగా పాషా భాయ్ చెప్పిందే.

మా మాటలు: కొనేవాడు "పార్టీ". "పార్టీ వస్తుంది రేపు" అంటే ఇంట్లో వాళ్ళు దావత్ అనుకుంటారు, ఎలక్షన్ టైంలో ఇంకోటి అనుకుంటారు. ముందు ఇచ్చేది టోకెన్, కొంచెం ఎక్కువైతే బయానా. చిన్న స్థలం "బిట్టు". వేరేవాడి జాగాలో రాత్రికి రాత్రి గోడ లేస్తే "కబ్జా". చెరువు పక్కన ఏదైనా బిట్టు చూపిస్తే పార్టీ అడిగే మొదటి మాట "హైడ్రా వస్తదా అన్నా". చెరువుల కబ్జాలు కూల్చే ఆ ప్రభుత్వ సంస్థని 2024 జూలైలో పెట్టారు, నెలలు తిరక్కముందే అది మా భాషలో క్రియాపదం అయిపోయింది, "ఆ వెంచర్ హైడ్రా అయితది చూడు" అంటున్నారు.

కోస్తా పార్టీ వస్తే మాత్రం తలనొప్పి. వాళ్ళు సెంట్లలో అడుగుతారు, ఇక్కడ గుంటలు.

కోనసీమ_కుర్రోడు

మా నాన్నగారు కూడా అదేనండి! గుంట అంటే మాకు గొయ్యి. శంకర్‌పల్లి వైపు చూడ్డానికి వెళ్తే "రెండు గుంటలుంది సార్" అన్నాడు ఏజెంటు, మా నాన్నగారు "పూడ్చేసి అమ్మచ్చుగా" అన్నారు.

121_గజాలు

😂😂 ఆయనకి చెప్పండి. ఎకరానికి 40 గుంటలు, గుంటకి 121 గజాలు. మీ లెక్కలో ఎకరానికి 100 సెంట్లు, సెంటు 48.4 గజాలు. అంటే రెండు గుంటలు సరిగ్గా మీ అయిదు సెంట్లు. పూడ్చక్కర్లేదు.

రైట్_రైట్

నేను సిటీ డిపోలో కండక్టర్‌ని. మా బస్సు భాష రెండు ముక్కల్లో అయిపోతుంది, ఆపాలంటే "హోల్డాన్", పోవాలంటే "రైట్ రైట్". రైట్ అన్నానని ఎవరూ కుడివైపు తిప్పరు. ఇంగ్లీష్ రాని డ్రైవర్ అన్న కూడా హోల్డాన్ అంటేనే ఆపుతాడు, "ఆపు" అని అరిస్తే ఎవరో ప్యాసింజర్ అనుకుని పోతనే ఉంటాడు.

కొత్త మాట ఒకటి చెప్తా. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ కదా, అయినా మెషిన్లో టికెట్ కొట్టి ఇవ్వాలి, దాని మీద ఛార్జీ సున్నా ఉంటది. అది "జీరో టికెట్". ఇప్పుడు మా భాషలో మనుషులే జీరోలు అయిపోయారు, "ఈ ట్రిప్పు మొత్తం జీరోలే, నలుగురే పేమెంట్" అంటాం. ఒకామె విని "జీరో అంటవా నన్ను, నేను బడిల టీచర్‌ని" అని అమీర్‌పేట్ నుంచి కోఠి దాకా క్లాసు పీకింది. ఆమె అన్నదాంట్లో కూడా న్యాయం ఉంది.

అల్వాల్_అమ్మమ్మ

క్లాసు పీకడం అన్నావు చూడు నాయనా, టీచర్లకి ఆ మాట ఎలా ఉంటుందో అడిగావా ఎప్పుడైనా. నేను 30 ఏళ్ళు పీకాను 😀

కృష్ణానగర్_క్లాప్

సినిమా వాళ్ళవి చెప్పమన్నారు కదా. సినిమాని ఎవ్వడూ సినిమా అనడు, "బొమ్మ". ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో పొద్దున షో చూసి బయటికొచ్చినోడు "బొమ్మ ఆడుద్ది" అంటే నిర్మాత ఆరోజు నిద్రపోతాడు, "ల్యాగ్ ఉంది మామా" అంటే ఇంకోసారి ఎడిటింగ్ రూమ్‌కి పరిగెత్తాలి. బాగా నచ్చితే కేక, కత్తి, కిరాక్, ఖతర్నాక్. ఖతర్నాక్ అంటే నిజానికి ప్రమాదకరం అని, మనకి మాత్రం సూపర్. రోజుకిచ్చే ఖర్చు డబ్బులు "బత్తా". మా కృష్ణానగర్‌లో పొద్దున్నే జనం గుమిగూడే చోటు అడ్డా, కోఆర్డినేటర్ బండి ఆపి "పది మంది జూనియర్లు కావాలి, పెళ్ళి సీను, మంచి చొక్కాలు" అంటే ఎక్కడమే. జూనియర్ అంటే వయసు కాదండోయ్, గుంపు సీన్లలో కనపడే జూనియర్ ఆర్టిస్టులం, మాలో జుట్టు మొత్తం నెరిసిన జూనియర్లు ఉన్నారు, ఎప్పటికీ సీనియర్ అవ్వరు.

మా దాంట్లో అన్నిటికంటే విచిత్రం ఏరియా పేర్లు. తెలంగాణ హక్కులు "నైజాం", రాయలసీమ హక్కులు "సీడెడ్". ఇప్పటికీ కలెక్షన్ పోస్టర్లలో అవే. సీడెడ్ అంటే ఏంటని కొత్త అసిస్టెంట్లని అడిగితే సీడీలు అమ్మే ఏరియా అన్నాడు ఒకడు.

పెన్షన్_మాస్టారు

అది చాలా పాత సంగతి నాయనా. 1800లో నిజాం తన కింద ఉన్న బళ్ళారి, కడప, అనంతపురం వైపు ప్రాంతాలని ఈస్ట్ ఇండియా కంపెనీకి రాసిచ్చేశాడు, కంపెనీ సైన్యం ఖర్చు కింద. అలా ఇచ్చేసినవి కాబట్టి ఇంగ్లీషులో సీడెడ్ డిస్ట్రిక్ట్స్, తెలుగులో దత్తమండలాలు. ఆ పేరు బాగాలేదని 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని మార్చుకున్నారు. ప్రభుత్వ కాగితాల్లోంచి పోయిన మాట సినిమా బయ్యర్ల పుస్తకాల్లో మాత్రం ఇంకా బతికే ఉంది. నైజాం కూడా అంతే, రాజ్యం పోయి ఎన్నేళ్ళయినా కలెక్షన్లు వస్తూనే ఉన్నాయి.

చరిత్ర ఎత్తారు కాబట్టి ఇంకోటి. "నువ్వేమన్నా పెద్ద తుర్రంఖాన్‌వా" అని తిడతారు కదా. తుర్రేబాజ్ ఖాన్ అనే ఆయన నిజంగానే ఉన్నాడు. 1857 జూలై 17న మౌల్వీ అలావుద్దీన్‌తో కలిసి జనాన్ని వెంటేసుకుని కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి వెళ్ళాడు, మన కోఠి విమెన్స్ కాలేజీ భవనం అదే. పట్టుబడ్డాడు, జైలు నుంచి తప్పించుకున్నాడు, 1859లో తూప్రాన్ దగ్గర చంపేశారు. మౌల్వీని అండమాన్ పంపేశారు. ఈ మాట ఆయన పేరు మీదే పుట్టిందని పాతబస్తీలో చెప్పుకుంటారు. తెల్లదొరల తుపాకులకి ఎదురెళ్ళిన మనిషి పేరు మనం ఇవాళ క్యూలో ముందుకి దూరేవాణ్ణి తిట్టడానికి వాడుతున్నాం, నాకైతే బాధే.

సిరిసిల్ల_పోరి

మాస్టర్ గారూ ఇది మస్తుంది, కోఠిలనే చదివిన నేను, మాకు ఎవ్వరూ చెప్పలే.

గచ్చిబౌలి_బెంచ్

తుర్రంఖాన్ సరే, మరి గొప్పోణ్ణి అనే "తోపు"? అది ఫిరంగి తోప్ అని నేను, మామిడి తోపు అని మా టీమ్ లీడ్, రోజూ లొల్లి.

పతంగ్_పాషా

తోపు అయితే పేల్తది, చెట్లు అయితే నీడిస్తయ్. మీ టీమ్ లీడ్ నీకు నీడిస్తుండా? మరి తోప్ అనే అనుకో.

డెలులు_పాప

హాయ్ అందరికీ, నేను ఇంటర్. మీ అందరివీ కొంచెం మ్యూజియం వైబ్ ఉంది అంకుల్స్ సారీ 😭 ఇప్పుడు ఎవరూ పులిహోర అనరు, "వాడికి రిజ్ ఉంది" అంటారు. అది 2023లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ వర్డ్ ఆఫ్ ద ఇయర్ కూడా, కరిష్మా అని మీరు అంటారే దాని ఇంగ్లీష్ మాటలో మధ్య ముక్క తీసుకున్నారు అంతే. అబద్ధం అయితే "క్యాప్", నిజంగా నిజం అయితే "నో క్యాప్". అనుమానంగా ఉంటే "సస్". జరగనిది జరుగుతుంది అనుకుంటూ బతికితే "డెలులు", అంటే నేను, ఎంసెట్ ర్యాంక్ విషయంలో.

బ్యాక్‌లాగ్_బాబు

సస్ అంటే 2020 లాక్‌డౌన్‌లో అమాంగ్ అస్ అనే స్పేస్‌షిప్ గేమ్ ఆడినోళ్ళందరికీ తెలుసు పాపా, మేము కూడా మ్యూజియం కాదు. అప్పట్లో మా ఫ్లోర్ మొత్తం పబ్జీ. "నాక్ అయ్యా, రివైవ్ ఇవ్వు" అని అర్ధరాత్రి అరుపులు, అంటే గేమ్‌ల పడిపోయిన, లేపు అని. మా వార్డెన్ "ఎవడు నాకుతుండ్రా" అని కర్ర పట్టుకుని వచ్చిండు. సెప్టెంబర్‌లో బ్యాన్ చేసినంక గానీ ఆయన నిద్రపోలే.

సిరిసిల్ల_పోరి

పాపా ఒక మాట అడుగుతా, నువ్వు చెప్పిన క్యాప్, రిజ్ ఇవన్నీ రీల్స్‌ల నుంచి వచ్చినయ్ కదా. క్యాప్ అమెరికాల నల్లజాతి వాళ్ళ మాట, రాప్ పాటలతో ఊరంతా పాకింది. అది తప్పని అంటలే. కానీ మా ఊరి మాట నేను ఆఫీసుల మాట్లాడితే "సినిమాల కామెడీ లెక్క ఉంది" అని నవ్విన్రు కొత్తల. "పైలం" అన్న ఒకసారి ఫ్రెండ్ బండి మీద పోతుంటే, జాగ్రత్త అని. అందరూ ఒకటే నవ్వుడు. అదే అట్లాంటా పిల్లగాడి మాట తెస్తే కూల్, సిరిసిల్ల పిల్ల మాట తెస్తే కామెడీ. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

డెలులు_పాప

అక్కా నేను నవ్వను. పైలం క్యూట్ ఉంది, రేపటి నుంచి నేను వాడతా, నో క్యాప్.

121_గజాలు

ఇక్కడ ప్రాంతాల గొడవ మొదలుపెట్టకండి ప్లీజ్

సిరిసిల్ల_పోరి

గొడవ ఏడుంది అన్నా, జరిగింది చెప్పిన. లైట్ తీస్కోమని మాత్రం అనకు.

పెన్షన్_మాస్టారు

ఆ అమ్మాయి చెప్పింది సరైనదే. మాండలికాలని నవ్వులాటగా కాకుండా చూసినవాళ్ళూ ఉన్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు జిల్లాలన్నీ తిప్పించి రైతుల నోటి మాటలు సేకరించి 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వేశారు, వ్యవసాయం మీద. తర్వాతది 1971లో, చేనేత మీద. నాగలిలో ఒక్కో చెక్క ముక్కకి ఏ జిల్లాలో ఏమంటారో దాంట్లో ఉంటుంది. సిరిసిల్ల అమ్మాయికి ఆ రెండోది చూడమని చెప్తాను, మగ్గం మాటలు మీ ఇంట్లో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

సిరిసిల్ల_పోరి

మా తాత మగ్గం నేసేటోడు సార్. చూస్తా తప్పకుండా.

మోడరేటర్

బ్యాక్‌లాగ్_బాబు గారి రెండు పోస్టులు తీసేశాం, కారణం ఆయనకి తెలుసు. బూతు రాయాలనిపించినప్పుడు పాతబస్తీ పద్ధతిలో "బైగన్" అని రాసి ముందుకి పొండి, వంకాయని ఎవరూ రిపోర్ట్ కొట్టరు.

మైత్రివనం_జిరాక్స్

థాంక్యూ మోడరేటర్ గారు. మందు బ్యాచ్ మాటలు ఎవరూ రాయలేదు ఇంకా, మంచిదే. ఒక్కటి మాత్రం నేనే చెప్తా, మా దగ్గరికొచ్చే అమెరికా కుర్రాడు "వైన్స్" బోర్డు చూసి లోపలికెళ్ళి ద్రాక్ష వైన్ అడిగాడు, అక్కడ వైన్ తప్ప అన్నీ ఉన్నాయంట. క్వార్టర్, నైంటీ, మంచింగ్, పర్మిట్ రూమ్, ఇవి నేర్చుకుని వచ్చాడు. క్వార్టర్ అంటే వాళ్ళకి పావు డాలర్ బిళ్ళ, మనకి 180 ఎంఎల్.

కోనసీమ_కుర్రోడు

మీ షాపు మాటలు చెప్పలేదండి మీరు

మైత్రివనం_జిరాక్స్

మావి ఏముంటయ్ బాబూ. "బ్యాక్ టు బ్యాక్" అంటే కాగితం రెండు వైపులా. "సైడ్ స్టేపుల్", "స్పైరల్". "మైక్రో" అని ఒకటుంది, పేజీ మొత్తం అగ్గిపెట్టె సైజుకి కుదించి కొట్టడం. అది ఎందుకో పిల్లలందరికీ తెలుసు. నేను కొట్టను, అడగొద్దు.

అల్వాల్_అమ్మమ్మ

మైక్రో జిరాక్సులు మాకు లేవు నాయనా, మాకు "క భాష" ఉండేది. ప్రతి అక్షరం ముందు ఒక క తగిలించి గబగబా మాట్లాడేవాళ్ళం. "నువ్వు రా" అంటే "కనుకవ్వు కరా". మేము అక్కచెల్లెళ్ళం సినిమాకి వెళ్ళే ప్లాన్ మొత్తం మా నాన్నగారి ఎదురుగానే క భాషలో వేసుకునేవాళ్ళం, ఆయన పేపర్ చదువుకుంటూ ఉండేవారు. ఒకరోజు మేం బయల్దేరుతుంటే పేపర్ దించకుండా "కతొంకదకరకగా కరంకడి" అన్నారు. తొందరగా రండి అట. ఎన్నాళ్ళ నుంచి వింటున్నారో ఆ మనిషి.

మా మనవరాళ్ళు ఫోన్లో ఏవో పొడి అక్షరాలు కొట్టుకుంటారు, వాళ్ళ అమ్మకి అర్థం కాదని ధీమా. నాకు అర్థమవుతూనే ఉంటాయి, చెప్పను.

డెలులు_పాప

ఇది ఎపిక్ అమ్మమ్మా, మా గ్యాంగ్ మొత్తానికి ఇప్పుడే నేర్పిస్తున్నా 😭

బ్యాక్‌లాగ్_బాబు

అమ్మమ్మా నాకు వచ్చేసింది చూడు. కనాకకు కమూకడు కసకబ్జెకక్టులు కపో...

సబ్జెక్టులు దగ్గర నాలిక తిరగలే, ఆపేస్తున్న. కమా కఅకమ్మకకి కచెకప్పకకంకడి.

అల్వాల్_అమ్మమ్మ

కచెకప్పకను కలే.